టమోటా పథ్యం

ఉప్పునీళ్లు పుక్కిలించి ఊసిన విజయమ్మకు బండ మీద టక్కుమని శబ్దం వినిపించింది. వంగి చూస్తే ఎర్రటి ఉమ్ములో పడి ఉన్నది పన్ను కాదు, తన దవడ ఎముక ముక్క.

చెనక్కాయ గింజంత ఉంది. బూడిద రంగు. ఒక పక్కంతా చెదలు తిన్న చెక్కలా గుంటలు. నాలుకతో లోపల తడిమి చూసుకుంది. కుడివైపు కింది దంతాల వెనక వేలు దూరేంత బొక్క. నొక్కి చూసింది. నొప్పి లేదు. మూడు నెలలుగా వాపు, చీము, దుర్వాసన అన్నీ ఓర్చుకున్న మనిషికి ఈ నొప్పి లేకపోవడమే భయం పుట్టించింది.

"ఏమప్పా, ఇట్లా రా ఒకసారి," అని మొగుణ్ణి కేకేసింది.

లగేజీ ఆటో తుడుస్తున్న కృష్ణప్ప చేతిలో గుడ్డతోనే వచ్చాడు. ముక్కను చూసి, "కోడి ఎముకా?" అన్నాడు.

"మనింట్లో కోడి కోసి ఎన్నాళ్లయింది? నాదే."

కృష్ణప్ప బండ పక్కనే చతికిలబడ్డాడు. "ఆసుపత్రికి పోదాం పద. ఇప్పుడే."

"పోదాం. వేలం ముగించుకొని పోదాం."

"ఎముకలు రాల్తాంటే వేలమంటావేమే?"

"ఈ పొద్దు నేను పోకపోతే, రేపు నా జాగాలో ఇంకొకడు నిలబడతాడు. అది నీకు తెలీదా?"

కృష్ణప్పకు తెలుసు. మదనపల్లె టమోటా యార్డులో గురుమూర్తి మండీకి వేలం పాడేది విజయమ్మ. అంతకుముందు ఆమె తండ్రి శంకరప్ప పాడేవాడు. ఆయన పోయినాక ఆ గంపల మధ్య నిలబడి ఆడమనిషి పాడుతుందంటే యార్డంతా నవ్వింది. మొదటి వారం నవ్వినవాళ్లు రెండో వారం నుంచి ఆమె గొంతు వినిపించిన వైపే నడిచారు. గంపలోంచి ఒక కాయ తీసి, కరుక్కున కొరికి, రసం కారుతుండగానే "గట్టి సరుకు! బెంగుళూరు దాకా పోయినా చితకదు!" అని అరవడం ఆమె పద్ధతి. ఆ నోరే ఆమె బతుకు.

ఆ రోజు కూడా పాడింది. పైటచెంగు దవడకు చుట్టుకొని, రెండు వేళ్లకు మించి తెరుచుకోని నోటితోనే పాడింది. వేలం అయ్యాక గురుమూర్తి దగ్గరికి వచ్చి, కాస్త దూరంగానే ఆగాడు.

"విజయమ్మా, ఏమనుకోవద్దు. నీ నోరు వాసనొస్తాదని యాపారస్తులు అంటాండారు. అమ్మోరికి ఏదన్నా తక్కువ చేసినావేమో సూసుకో. కొన్నాళ్లు ఇంటికాడుండు. మా అల్లుడు పాడతాడులే."

"మీ అల్లుడు పాడితే యాపారస్తులు గంపల మీదనే నిద్దరపోతారు సామీ. నా నోరు కుళ్లినా మీ సరుకు కుళ్లనీను. నా జాగా ఎవురికీ ఇయ్యద్దు."

"ఈ నెలాఖరు దాకా సూస్తా," అన్నాడు గురుమూర్తి. "అప్పటికీ ఇట్లే ఉంటే మాత్రం..."

ఆ మాట పూర్తికాకముందే విజయమ్మ ఆటో ఎక్కేసింది.

*

డాక్టర్ ఉషా ఎక్స్‌రేని కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి చాలాసేపు చూసింది. చిన్న వయసే కానీ తొందరపడే మనిషి కాదు.

"ఇక్కడ చూడమ్మా. ఈ తెల్లగా ఉన్నది బతికున్న ఎముక. ఈ మచ్చలు మచ్చలుగా ఉన్న భాగం చచ్చిపోయింది. చచ్చిన ఎముక చుట్టూ వాచి చీము పడుతోంది. ఒంట్లో చచ్చినదాన్ని ఒళ్లు ఉంచుకోదు. ముక్కలుగా బయటికి తోసేస్తుంది. నువ్వు తెచ్చిన ముక్క అదే."

"క్యాన్సరా?" అన్నాడు కృష్ణప్ప.

"పరీక్షకు పంపితే గానీ చెప్పలేను. నాకైతే అలా అనిపించడం లేదు. ఒక్క పన్ను చుట్టూతా మొదలైంది. ఈ పంటిలో ఎవరైనా ఏదైనా మందు పెట్టారా?"

విజయమ్మ తల అడ్డంగా ఊపింది.

"నిజం చెప్పు. నాటు మందైనా సరే."

"ఏమీ పెట్టించుకోలేదు తల్లీ."

కృష్ణప్ప భార్య వంక వింతగా చూశాడు. అబద్ధమాడితే ఆమె కుడికన్ను చిన్నదవుతుందని అతనికి తెలుసు.

వారం తర్వాత పరీక్ష ఫలితం వచ్చింది. క్యాన్సర్ కాదు. కృష్ణప్ప గోడకు ఆనుకొని ఊపిరి వదిలాడు. ఉషా మొహంలో మాత్రం తేలిక కనిపించలేదు.

"శుక్రవారం ఆపరేషన్ చేయాలి. చచ్చిన ఎముకను గీకుతూ పోయి, నెత్తురు చిమ్మే ఎముక తగలగానే ఆగాలి. కానీ దీన్ని చంపింది ఏమిటో తెలియకుండా అక్కడ ఆగితే చాలో లేదో నాకు అంతు పట్టడం లేదు. ఏదైనా మందు ఎముకను కాల్చి ఉంటే, అది దిగినంత మేరా తీసేస్తే చాలు, దవడ నిలుస్తుంది. అలా కాక చీము తనంతట తానే పాకుతూ పోతున్న జబ్బైతే నా చేతిలో లేదు. వేలూరు పెద్దాసుపత్రికి పంపాలి. అక్కడ సగం దవడ తీసేయొచ్చు."

"సగం దవడ తీస్తే మాట?"

"మాట వస్తుంది. ముద్దముద్దగా వస్తుంది. గట్టిగా అరవడం మాత్రం కుదరదమ్మా."

విజయమ్మ లేచి వరండాలోకి వచ్చింది.

వరండా బెంచీ మీద ఒకామె కూర్చొని ఉంది. గడ్డం నుంచి నెత్తి దాకా పాత తువ్వాలు కట్టుకుంది. చెంప మీద చీము కారిన మచ్చ. విజయమ్మ తన పైట సర్దుకుంటుంటే ఆమె పలకరించింది.

"నీకూ దవడేనా అమ్మా? యా పక్క?"

"కుడి పక్క. నీకు?"

"ఎడమ పక్క. మాది చౌడేపల్లె. నా పేరు ఎల్లమ్మ. కూలికి పోయేదాన్ని, ఈ మూతితో ఇప్పుడెవురూ పిలవడం లేదు." ఎల్లమ్మ గొంతు తగ్గించింది. "డాక్టరమ్మకు చెప్పలేదు గానీ, ఇది నా తప్పే. పుంగనూరు సంతలో పంటి పురుగు తీయించుకొని మందు పెట్టించుకున్న్యా. పథ్యం తప్పినా."

విజయమ్మ ఆమె మీదికి వంగింది. "ఏం పథ్యం?"

"చెప్పకూడదంట..."

"ఆరు నెలలు టమోటా ముట్టొద్దన్న్యాడా? మందు పేరు అడగొద్దు, పెట్టినట్టు ఎవురికీ చెప్పొద్దు, ఏది తప్పినా మందు ఎదురు తిరుగుతాదన్న్యాడా?"

ఎల్లమ్మ నోరు తెరవబోయి నొప్పికి మూసుకుంది. కళ్లతోనే అవునంది. "టమోటా చేలల్లో కూలికి పోతా. ఒకనాడు ఆకలికి రెండు కాయలు తిన్న్యా."

విజయమ్మ బెంచీ మీద కూలబడింది. మూడు నెలలుగా ఆమె గుండెలో మోస్తున్న బరువూ అదే. మందు పెట్టించుకున్న మరునాడే, అలవాటు కొద్దీ, యార్డులో కాయ కొరికింది. కొరికాక గుర్తొచ్చింది. దవడ వాచినప్పుడు తన పాపమే అనుకుంది. మొగుడికి చెప్పలేదు, డాక్టరుకు చెప్పలేదు. నాటు మందు పేరు బయటపెడితే గుణం పోతుందని అమ్మ చెప్పిందే, అమ్మమ్మ చెప్పిందే. నోరు పెట్టి బతికే మనిషి ఈ ఒక్క విషయంలో నోరు కుట్టేసుకుంది.

ఇద్దరిదీ ఒకే పాపం. ఒకే శిక్ష. ఇదేం లెక్క?

ఉన్నట్టుండి విజయమ్మకు నవ్వొచ్చింది. దవడ నొప్పెట్టేలా నవ్వింది. "ఎల్లమ్మా, టమోటా తిన్న పాపానికి ఎముక సస్తే, మదనపల్లెలో దవడ ఉండే మనిషి ఒకడన్నా మిగుల్తాడా?"

లేచి తిన్నగా డాక్టరు గదిలోకి నడిచింది. ఎల్లమ్మను చేయి పట్టి వెంట లాక్కుపోయింది.

"అబద్ధం చెప్పినా డాక్టరమ్మా. మందు పెట్టించుకున్న్యా. ఈయమ్మా పెట్టించుకునింది. తెల్లగా ఉండాది. దూదిలో పెట్టినాడు. సాయంత్రానికి నొప్పి మాయమైపాయ. ఏం మందో తెలీదు."

ఉషా పెన్ను కింద పెట్టింది. "నాకొక అనుమానం ఉంది. కానీ అనుమానంతో కత్తి పట్టుకోలేను. పెట్టినవాడి నోటితో రావాలి. ఏం పెట్టాడు, ఎంత పెట్టాడు, మళ్లీ తీశాడా లేదా. శుక్రవారం లోపల కనుక్కోగలరా?"

"వాడి నోట్లోంచి మాట రాకపోతే పన్ను ఊడదీస్తా," అంది విజయమ్మ.

*

పుంగనూరు సంతలో పంటి పురుగు మల్లప్పను ఎవరినడిగినా చూపిస్తారు. నిప్పుల మూకుడులో వాకుడుకాయ గింజలు వేసి, గొట్టంతో పొగను నోట్లోకి పట్టిస్తాడు. కింద పళ్లెంలో నీళ్ల మీద సన్నని తెల్లని పురుగులు తేలుతాయి. తాతల కాలం నుంచీ అదే వృత్తి.

విజయమ్మ అతని ఎదుట కూర్చొని పైట తీసింది. మల్లప్ప మొహం తిప్పుకున్నాడు.

"ఇది నువ్వు చేసిందేనా మల్లప్పా?"

"నేను పొగ పెడతానమ్మా. మందు పెట్టను. మా తాత కాన్నించీ పొగ ఒకటే."

"ఆ పురుగులు నా పంట్లోంచి రాల్తాయా, నీ గింజల్లోంచి రాల్తాయా అనేది ఇంకొక దినం మాట్లాడుకుందాంలే. పొగ అయినంక నీ పక్కన ఇస్త్రీ చొక్కా ఏసుకున్నోడు ఒకడు, పురుగు పోయిన బొక్క మూయాల అని దూది పెట్టినాడే. వాడెవడు?"

మల్లప్ప నిప్పుల మీద నీళ్లు చల్లి, చుట్టూ చూసి, దగ్గరికి జరిగాడు.

"జయచంద్ర. బెంగుళూరులో పళ్ల డాక్టరు దగ్గర కాంపౌండరుగా ఉండినాడంట. నీ దగ్గర కూసుంటా, బొక్కలు మూస్తా అన్న్యాడు. నాకూ జనం ఎక్కువైనారు, ఒప్పుకున్న్యా. ఒక దినం, ముందే మందు పెట్టించుకున్న బి.కొత్తకోట మనిషొకడు వాచిన దవడ పట్టుకొని వచ్చినాడు. గొడవ చేస్తాడనుకున్న్యా. జయచంద్ర ఆయప్పను పక్కకు పిలిచి ఏదో అడిగినాడు. ఆయప్ప తలకాయ దించుకొని ఏడ్చుకుంటా పోయినాడు. ఏమైంది అంటే, టమోటా తిన్న్యాడంట, పథ్యం తప్పినాడు అన్న్యాడు."

"ఆయప్పను చూసినంక కూడా నాకు పెట్టినాడా?"

మల్లప్ప నేల వైపు చూశాడు. "నువ్వు ఆయప్ప తర్వాత వచ్చినావు."

కృష్ణప్ప పిడికిలి బిగించాడు. "యాడుండాడు వాడిప్పుడు?"

"కుప్పంలో. బస్టాండు దగ్గర అంగడి పెట్టినాడు. ఇప్పుడు డాక్టరంట."

*

పలమనేరు మీదుగా కుప్పం బస్సులో ముగ్గురూ కూర్చున్నారు: విజయమ్మ, కృష్ణప్ప, ఎల్లమ్మ. కృష్ణప్ప దారి పొడుగునా ఒకటే మాట. "ముందు పోలీసులకు చెబుదామే."

"చెబుదాం. పోలీసుల్ని చూస్తే వాడు ప్లీడరును పెట్టుకొని నోరు మూసుకుంటాడు. శుక్రవారం దాటిపోతాది. ముందు నాకు మందు పేరు కావాల. ఆ తర్వాత వాణ్ణి నువ్వేమన్నా చేసుకో."

"కొడతానేమో."

"నువ్వా? బొద్దింకను కొట్టేదానికి నన్ను పిలుస్తావు." ఎల్లమ్మ తువ్వాలు కింద నవ్వింది.

అంగడికి కొత్త బోర్డు. లోపల తెల్లకోటు. గోడ వారగా బెంచీ మీద అయిదారుగురు దవడలు పట్టుకొని కూర్చున్నారు. కుర్చీలో ఒక రైతు నోరు తెరిచి ఉన్నాడు. జయచంద్ర చిమటాతో దూది ఉండను పట్టుకొని అతని నోటి మీదికి వంగి ఉన్నాడు. పక్కన బల్ల మీద చిన్న గాజుసీసా.

విజయమ్మ చకచకా నడిచి అతని మణికట్టు పట్టుకుంది.

"ఆ మందు పేరు చెప్పి పెట్టు."

జయచంద్ర ఉలిక్కిపడ్డాడు. ఆమెను గుర్తుపట్టలేదు. గొంతులో చిరాకు మాత్రం డాక్టరుదే. "ఎవరమ్మా నువ్వు? వరసలో కూర్చో."

"వరసలోనే ఉండా. నాకూ, ఈ ఎల్లమ్మకూ పుంగనూరులోనే పెట్టినావు. నీ మందు పేరు తెలిస్తే గానీ మా డాక్టరమ్మ కత్తి పట్టదు." పైట తీసి దవడ చూపింది.

బెంచీ మీద కలకలం. జయచంద్ర కళ్లు ఒక్క క్షణం ఆ బొక్క మీద ఆగాయి. వెంటనే తమాయించుకొని, అందరికీ వినపడేలా అడిగాడు. "టమోటా తిన్నావా?"

"తిన్న్యా."

"చూశారా! పథ్యం తప్పి నన్నంటే ఎట్లా?"

జనం అతని వైపే తిరిగారు. ఒక ముసలాయన గద్దించాడు కూడా. "పథ్యం తప్పితే డాక్టరేం చేస్తాడమ్మా? నోరు కట్టుకోలేక ఆయప్పను యాల తిడతావు?"

కృష్ణప్ప భుజాలు వాలిపోయాయి. విజయమ్మ మాత్రం మణికట్టు వదల్లేదు. బెంచీ వైపు తిరిగి, యార్డులో గొంతు ఎత్తినట్టే ఎత్తింది. దవడలో ఏదో చిట్లింది. అయినా ఎత్తింది.

"ఈడుండేవాళ్లలో ఈయప్ప దగ్గర ముందే మందు పెట్టించుకొని, మళ్లా వచ్చినోళ్లు ఎవురు?"

ముగ్గురు మెల్లగా చేతులెత్తారు.

"మీలో టమోటా తిన్నోళ్లు?"

ఇద్దరు తలలు దించుకున్నారు. మూడో మనిషి ఈశ్వరప్ప, బట్టతల, చెంప బోండాలా వాచి ఉంది, మెల్లగా గొణిగాడు. "నేను తినలేదే."

"గట్టిగా చెప్పప్పా."

"నేను తినలేదంటాండా! నాకు పుట్టినప్పట్నుంచీ టమోటా పడదు. తింటే ఒళ్లంతా దద్దుర్లు. మా ఇంట్లో చారుకు కూడా చింతపండే. అయినా నా దవడ ఇట్లే వాచింది. అదే అడుగుదామని పొద్దున్నించీ కూసోనుండా."

గద్దించిన ముసలాయన జయచంద్ర వైపు తిరిగాడు. కుర్చీలో రైతు చప్పున నోరు మూసుకొని దిగిపోయాడు.

"జయచంద్రా," అంది విజయమ్మ, ఇప్పుడు చాలా మెల్లగా. "నాకు మందు పేరు చెప్పద్దులే. గుణం పోతాది. నీ చేతిలో దూది ఉండాది గదా. నీ పంటికి పెట్టుకో. మాకందరికీ ఎదురుగా. పెట్టుకొని, టమోటా తినకుండా ఉండు. నీ దవడ ఏమీ కాకపోతే నేను నీ కాళ్లకు మొక్కి మదనపల్లెకు పోతా."

జయచంద్ర దూది వైపు చూశాడు.

"పెట్టుకో సామీ," అన్నాడు ముసలాయన.

"పెట్టుకో," అన్నాడు కుర్చీ దిగిన రైతు.

కృష్ణప్ప వెళ్లి వాకిలికి అడ్డంగా నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి అతను పెద్దగా కనిపించాడు. జయచంద్ర అతణ్ణి చూశాడు, జనాన్ని చూశాడు. విజయమ్మ అతని మణికట్టును నోటి వైపు కొంచెం కొంచెంగా నెడుతోంది. దూది పెదవికి జానెడు దూరానికి వచ్చింది. అతను తల వెనక్కి విరిచి, చిమటా వదిలేశాడు. దూది నేల మీద పడింది. ఎవరూ దాన్ని తొక్కలేదు. అందరూ కాళ్లు వెనక్కి తీసుకున్నారు.

జయచంద్ర రోగుల కుర్చీలోనే కూర్చుండిపోయాడు. డాక్టరు భాష ఎటు పోయిందో, నోట్లోంచి ఊరి మాట వచ్చింది.

"పాషాణమమ్మా అది. తెల్ల పాషాణం. పంటి నరాన్ని చంపుతాది, అందుకే నొప్పి పోతాది. బెంగుళూరులో మా డాక్టరు సూదిమొనంత పెట్టి, పైన సిమెంటు మూసి, రెండు మూడు దినాల్లో మళ్లా పిలిపించి తీసేసేవాడు. తీయకపోతే ఎముకలోకి దిగుతాదని నాకు చెప్పినాడు. నాకు తెలుసు. తీసినంక పన్ను తవ్వాల, నరం లాగాల. అది నాకు రాదు. నాకొచ్చింది పెట్టేది ఒకటే. పెడితే ఒక్క పూటలో నొప్పి పోయేది. జనం నాకు మొక్కేవాళ్లు. మా ఊర్లో నన్ను రేయ్ అని పిలిచినోళ్లు కూడా డాక్టరు సామీ అన్న్యారు. ముందు అందరి మాదిరే వంకాయ పథ్యం చెప్పినా. కొత్తకోట ఆయప్ప దవడతో వచ్చినాడు. చూస్తానే తెలిసిపాయ, ఇది నా పనే అని. వంకాయ తిన్న్యావా అంటే లేదన్న్యాడు. నోటికొచ్చినట్టు, టమోటా తిన్న్యావా అని అడిగినా. తిన్న్యా సామీ, నాదే తప్పు అని ఏడ్చినాడు. ఆ పొద్దు నుంచి అందరికీ టమోటానే చెప్పినా. ఈ సీమలో టమోటా తినకుండా ఎవురుంటారు? తిన్నోళ్లు ఎవురూ నన్ను అడగరు. ఆ పొద్దే ఆపేసుండాల. ఆపలేదు. నీకు పెట్టింది సూదిమొనంత కాదు, వడ్లగింజలో సగం. ఎల్లమ్మకూ అంతే. తీయలేదు, తీయించుకోమని చెప్పలేదు, సిమెంటు కూడా పెట్టలేదు, చిగుళ్లలోకి కారింటాది. మీ డాక్టరమ్మకు ఇదే చెప్పు. నమ్మకపోతే నన్నే తీసుకపో, ఆయమ్మ ఎదురుగా కూడా చెప్తా. తెలీక పెట్టినా అని మాత్రం చెప్పను. తెలిసే పెట్టినా."